ఎవరి తరఫు వకీలు?

ఒమన్‌లో జీతాలు ఆగిపోయిన లేబర్ క్యాంపుకి ఒక సాయంత్రం ఫైళ్లు పట్టుకుని ఒకాయన వస్తాడు. హిందీలో మర్యాదగా మాట్లాడతాడు. కేసు కోర్టుకెక్కితే నెలలు పడుతుందనీ, ఇప్పుడే సెటిల్ చేసుకుంటే టికెట్టూ కొంత డబ్బూ చేతికొస్తాయనీ చెబుతాడు. అరబిక్‌లో టైపు చేసిన కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్లినవాళ్లు ఒకరి వెనక ఒకరు సంతకాలు పెడతారు. ఆయన వకీలని అందరికీ తెలుసు. ఎవరి వకీలో అడిగేవాళ్లు తక్కువ. ఒమన్‌లోనే కాదు, గల్ఫ్‌లో ఎక్కడ పనిచేసి వచ్చినవాళ్లని కదిలించినా ఇలాంటి కాగితం గురించి ఏదో ఒకటి చెబుతారు.

న్యాయవాది తాను ఎవరి తరఫున పనిచేస్తున్నాడో చెప్పి తీరాలా? ప్రపంచమంతటా లాయర్లూ జడ్జీలూ ఎన్నాళ్లుగానో వాదించుకుంటున్న ప్రశ్న ఇది. ఒక్క జవాబుతో తేలేది కాదు, ఎందుకంటే అడిగే మనిషిని బట్టి జవాబు మారుతుంది. కోర్టు అడగడం వేరు, సొంత కక్షిదారు అడగడం వేరు, ఎదుటి పక్షం అడగడం వేరు, పోలీసులు అడగడం వేరు. ఆరు లక్షలకు పైబడి భారతీయులున్న ఒమన్ నుంచి ఈ ప్రశ్నని చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. కోర్టుకి ఏం చెప్పాలో చట్టాలు బాగానే రాసుకున్నాయి. ప్రభుత్వానికి ఎంతవరకు చెప్పాలో ఇంకా పోట్లాడుకుంటున్నాయి. వకీలు లేకుండా ఎదురుగా కూర్చున్న పేదవాడికి ఏం చెప్పాలో మాత్రం గాలికొదిలేశాయి.

కోర్టు సంగతి తేలిక. 29/2002 రాయల్ డిక్రీతో ఒమన్‌లో వచ్చిన సివిల్, వాణిజ్య విచారణ చట్టం ప్రకారం ఒకరి తరఫున హాజరయ్యే న్యాయవాది ఆ అధికారం తనకు ఎవరిచ్చారో కాగితంతో రుజువు చేయాలి. మన దగ్గర వకాల్తా, అక్కడ వకాలా. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డరు నాలుగో రూలు చెప్పేదీ ఇదే. కేవలం వాదించడానికే వచ్చిన లాయరు కూడా మెమో వేసి, అందులో ఉభయ పక్షాల పేర్లూ, తాను ఎవరి తరఫో, తనను పంపిందెవరో రాయాలి. ఇంగ్లండులో 1910 నాటి యాంగ్ వర్సెస్ టాయిన్‌బీ తీర్పు ఇంకా కఠినం. కక్షిదారుకి మతి చలించింది, దాంతో అతను ఇచ్చిన అధికారం రద్దయిపోయింది. ఆ సంగతి తెలియకుండా కేసు నడిపిన సొలిసిటర్లు ఎదుటివాళ్ల ఖర్చులు తమ జేబులోంచి కట్టాల్సి వచ్చింది. ఫలానావాడి తరఫున వచ్చానని వకీలు చెప్పాడంటే ఆ మాటకి అతనే పూచీ.

ఇంత స్పష్టంగా ఉన్నా తప్పులు జరుగుతూనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో భగవాన్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. ఎవరి పేరు మీద పిటిషన్ దాఖలైందో ఆ మనిషే తాను ఏ కేసూ వేయలేదనీ, ఆ లాయర్లెవరో తనకు తెలియదనీ చెప్పాడు. కోర్టు సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. నిజంగా హాజరై వాదించడానికి అధికారం ఉన్న లాయర్ల పేర్లే రికార్డులో రాయాలని, కేసులు దాఖలు చేసే అడ్వొకేట్ ఆన్ రికార్డులకు చెప్పింది. దేశంలో అత్యున్నత న్యాయస్థానంలోనే ఇలా జరిగితే, భాష రాని దేశంలో కూలికి వెళ్లినవాడి పేరుతో ఏం జరిగినా అడిగేదెవరు?

ఆ వకాలా కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. పైన ఇచ్చేవాడి పేరు, బతాకా (రెసిడెంట్ కార్డు) నంబరు లేదా పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. దాని కింద పుచ్చుకునే న్యాయవాది పేరు. ఆ తరవాత మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒక పొడుగాటి పేరా సాగుతుంది: కేసు వేయడానికి, వాదించడానికి, అప్పీలుకి వెళ్లడానికి, రాజీ పడడానికి, ఎదుటివాడి వాదన ఒప్పుకోవడానికి, హక్కు వదులుకోవడానికి, డబ్బు వసూలు చేసి పుచ్చుకోవడానికి, ఈ అధికారాన్ని ఇంకొకరికి అప్పగించడానికి. అరబ్ దేశాల విచారణ చట్టాల్లో రాజీ, ఒప్పుకోలు, హక్కుల వదులుకోలు లాంటివి మామూలు వకాల్తాతో కుదరవు, వాటికి విడిగా అధికారం రాసి ఇవ్వాలి. కక్షిదారు ఆలోచించుకుని ఇవ్వాలన్నది ఆ నియమం ఉద్దేశం. కానీ టైపింగ్ సెంటర్లో తయారుగా ఉండే నమూనాలోనే అవన్నీ ఉంటాయి. అందరూ అన్నీ ఇచ్చేస్తారు. తనను కాపాడడానికి పెట్టిన వాక్యాలే తన దావాని సగానికి తెంచేసే అధికారం వేరొకరికి ఇస్తున్నాయని సంతకం పెట్టినవాడికి తెలియదు. మన దగ్గర సుప్రీంకోర్టు 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ గ్రూప్ హౌసింగ్ సొసైటీ కేసులో, కక్షిదారు స్పష్టంగా చెప్పకుండా లాయరు అతని హక్కుల్ని వదులుకోకూడదంది. చెప్పించుకోవడం అంటే అచ్చేసిన ఫారం మీద సంతకం పెట్టించుకోవడం కాదని ఆ తీర్పు చదివితే అర్థమవుతుంది.

చనిపోయినవాడి సంగతి మరీ కష్టం. ఒమన్‌లో పనిచేసే మనిషి ప్రమాదంలో పోతే అతని భార్య మల్లాపూర్‌లోనో రాయచోటిలోనో ఉంటుంది. రావాల్సిన జీతం బకాయి, సర్వీసు డబ్బు, బీమా పరిహారం, రోడ్డు ప్రమాదమైతే దియా, అంటే పోయిన ప్రాణానికి కట్టే పరిహారం. 2008లో ఒమన్ దియాని 15 వేల రియాళ్లకు పెంచింది. మన డబ్బుల్లో అది ఒక కుటుంబాన్ని నిలబెట్టే మొత్తం. అది అందాలంటే ఆమె తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి, పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి, దాన్ని రాష్ట్ర ప్రభుత్వ అధికారి ధ్రువీకరించాక పత్రం విదేశంలో చెల్లేలా చేసే విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించాలి. భారత్ 2005 నుంచీ ఒమన్ 2012 నుంచీ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఎంబసీల చుట్టూ తిరగడం కొంత తగ్గింది. అక్కడికి చేరాక అరబిక్‌లోకి తర్జుమా. ఇంతా చేసి, ఆ పవర్ ఎవరి పేరున ఇస్తోంది? చాలాసార్లు కంపెనీ పీఆర్‌ఓ చెప్పిన పేరున, లేదా ఊరివాళ్లకు తెలిసిన ఎవరో మధ్యవర్తి చెప్పిన వకీలు పేరున. డబ్బు కట్టాల్సిన కంపెనీ మనిషే డబ్బు పుచ్చుకోవాల్సిన కుటుంబానికి ప్రతినిధి అయితే, లెక్క సరిగా కట్టారా అని అడిగేవాళ్లు ఎవరూ మిగలరు. శవం ఊరికి రావడమే పెద్ద సాయమనుకునే స్థితిలో ఉన్న కుటుంబం ఆ ప్రశ్న అడగలేదు. అడగకముందే చెప్పాల్సిన బాధ్యత పవర్ పుచ్చుకునే మనిషిది.

సొంత కక్షిదారుకి చెప్పాల్సింది ఏమిటన్నది ఇక్కడే మొదలవుతుంది. మన బార్ కౌన్సిల్ నియమాల్లో 14వది చాలా మంచి నియమం. కేసు తీసుకునేటప్పుడూ, కేసు నడుస్తున్నంతకాలమూ, ఎదుటి పక్షంతో తనకున్న సంబంధాలనీ, ఆ తగాదాలో తనకున్న ప్రయోజనాన్నీ లాయరు దాచకుండా కక్షిదారుకి చెప్పాలి. 19వ నియమం ప్రకారం కక్షిదారు లేదా అతను నియమించిన ఏజెంటు చెప్పినట్టే తప్ప, ఇంకెవరి మాట మీదా నడవకూడదు. ఒమన్‌లో న్యాయవాద వృత్తిని 1996 నుంచి 108/96 రాయల్ డిక్రీ నడిపించింది, దాని స్థానంలో 2024లో 41/2024 డిక్రీతో కొత్త చట్టం వచ్చింది. కక్షిదారు రహస్యం కాపాడడం, ఒకే తగాదాలో రెండు పడవల మీద కాలు పెట్టకపోవడం అక్కడా వృత్తికి మూలసూత్రాలే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఫీజు కట్టేవాడూ కక్షిదారూ వేరైనప్పుడు. ట్రైలరు నడిపే తెలుగు డ్రైవరు నిజ్వా రోడ్డు మీద యాక్సిడెంటు చేశాడనుకుందాం. మనిషి పోయాడు, డ్రైవరు స్టేషన్లో ఉన్నాడు. కంపెనీ వకీలుని పెడుతుంది. డ్రైవరు సంతోషిస్తాడు, అతని భార్య ఫోన్లో ఏడుస్తూ దండం పెడుతుంది. అయితే డ్రైవరుకి మేలు చేసే నిజం ఒకటుండొచ్చు: అతన్ని పద్నాలుగు గంటలు ఆపకుండా నడిపించారు, బ్రేకులు బాగోలేవని ముందే చెప్పినా పట్టించుకోలేదు. ఆ మాట కోర్టులో వస్తే డ్రైవరు శిక్ష తగ్గొచ్చు, కంపెనీ మెడకు మాత్రం చుట్టుకుంటుంది. కంపెనీ పెట్టిన వకీలు ఆ మాట ఎత్తుతాడా? ఎత్తే మంచి వకీళ్లూ ఉంటారు. ఎత్తకపోతే ఎందుకు ఎత్తలేదో డ్రైవరుకి ఎప్పటికీ తెలియదు. ఫీజు ఎవరిచ్చినా నేను నీ వకీలునే, లేదా నేను కంపెనీ వకీలుని, నీకు వేరే వకీలు కావాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటి మొదటిరోజే అతనికి తెలిసిన భాషలో చెప్పాలి. ఒమన్ కోర్టుల భాష అరబిక్. మనవాళ్లు తరచూ మాట్లాడేది న్యాయవాదితో కాదు, ఆయన ఆఫీసులో హిందీ వచ్చిన ఉద్యోగితో. కాబట్టి చెప్పడమంటే అరబిక్‌లో ఒక వాక్యం రాసి ఊరుకోవడం కాకూడదు.

ఇక, ఎదురుగా వకీలు లేకుండా కూర్చున్న మనిషి. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.

ఎదుటి పక్షానికి లాయరుంటే అతని ద్వారానే మాట్లాడాలని మన బార్ కౌన్సిల్ 34వ నియమం చెబుతుంది. ఎదుటివాడికి లాయరే లేకపోతే? దానికి స్పష్టమైన నియమం అందులో కనిపించదు. అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లో 4.3 ఈ ఖాళీని పూరించింది. లాయరు లేని మనిషితో వ్యవహరించేటప్పుడు తాను తటస్థుడినని చెప్పకూడదు, అలా అనిపించేలా ప్రవర్తించకూడదు. ఎదుటివాడు పొరబడుతున్నాడని తెలిసినా, తెలియాల్సి ఉన్నా, ఆ పొరపాటుని సరిదిద్దాలి. ప్రయోజనాలు ఎదురెదురుగా ఉన్నప్పుడు ‘మీరు లాయరుని పెట్టుకోండి’ అన్న సలహా తప్ప మరే న్యాయ సలహా ఇవ్వకూడదు. క్యాంపుకి ఫైళ్లతో వచ్చిన ఆ హిందీ పెద్దమనిషికి ఈ నియమం వర్తించి ఉంటే, కోర్టుకెళ్తే ఆలస్యమవుతుందన్న మాటే అతని నోటి నుంచి రాకూడదు. అది సలహా. అదీ తన కక్షిదారుకి లాభం చేసే సలహా.

ఒమన్ చట్టం కార్మికుడికి ఇంకో దారిలో రక్షణ ఇచ్చింది. 2003 నాటి కార్మిక చట్టం మూడో అధికరణం ప్రకారం చట్టం ఇచ్చిన హక్కుల్ని తగ్గించే రాజీ గానీ, వదులుకోలు గానీ చెల్లేది కాదు. ఆ చట్టం స్థానంలో 2023 జూలైలో 53/2023 డిక్రీతో కొత్త చట్టం వచ్చింది. కార్మికుడు కేసు వేస్తే కోర్టు ఫీజు లేదు. ముందు కార్మిక శాఖలో రాజీ ప్రయత్నం జరుగుతుంది, కుదరకపోతే కోర్టు. 2021 జనవరి నుంచి కాంట్రాక్టు పూర్తిచేసినవాడు పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండానే కొత్త ఉద్యోగంలో చేరొచ్చు. ఇవన్నీ నిజంగా మేలైన మార్పులు, ఒమన్‌కి ఆ గుర్తింపు దక్కాలి. కానీ సంతకం పెట్టి, టికెట్టు పుచ్చుకుని శంషాబాద్‌లో దిగిపోయినవాడికి ‘ఆ రాజీ చెల్లదు’ అన్న మాట ఏం పనికొస్తుంది? దాన్ని వాడుకోవాలంటే మళ్లీ పవర్, మళ్లీ అపోస్టిల్, మళ్లీ వకీలు. పత్రం రద్దు చేయించుకునే హక్కు కన్నా, సంతకానికి ముందు ఎదుటివాడెవరో తెలుసుకునే హక్కు అతనికి వెయ్యి రెట్లు ఎక్కువ ఉపయోగం.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల పరిస్థితి ఇంతకంటే బరువైనది. వాళ్ల పని షరతులు చాలాకాలం 2004 నాటి ఒక మంత్రిత్వ శాఖ నిర్ణయం మీద ఆధారపడ్డాయి తప్ప కార్మిక చట్టం మీద కాదు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో ఒమన్‌లోని గృహ కార్మికుల మీద ఇచ్చిన నివేదికలో పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఎగ్గొట్టడం, నిర్బంధం గురించి పదేపదే ఉంది. ఇల్లు విడిచి వచ్చిన మనిషి మీద పారిపోయిందని అర్బాబ్ (యజమాని) ఫిర్యాదు పెడితే ఆమె ఖల్లివల్లి, అంటే పరారీలో ఉన్న మనిషి, అవుతుంది. ఆ తరవాత ఎవరో ఒకరు మధ్యలోకి వచ్చి, నువ్వు జీతం అడగకు, అతను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు, ఇంటికి వెళ్లిపో అని మాట కుదురుస్తారు. ఆ మధ్యవర్తి అర్బాబ్ మనిషో, ఏజెన్సీ మనిషో, నిజంగా సాయం చేస్తున్నవాడో ఆమెకు చెప్పేవారు లేరు. భయంలో ఉన్నవాళ్లకు తియ్యగా మాట్లాడేవాడల్లా తమవాడే అనిపిస్తాడు.

ఇప్పుడు బల్ల అవతలి వైపు చూద్దాం. ఎదుటివాడికి చెప్పాలి, కక్షిదారుకి చెప్పాలి, కోర్టుకి చెప్పాలి. మరి పోలీసులూ పన్నుల శాఖా వచ్చి ‘నీ దగ్గరికి ఎవరెవరు వస్తున్నారు’ అని అడిగితే? నా జవాబు ఇక్కడ తలకిందులవుతుంది. సలహా కోసం వచ్చినవాడి పేరు బయటపెట్టడమంటే, కొన్నిసార్లు అతన్ని పట్టించడమే. 1960లో అమెరికాలో బెయర్డ్ వర్సెస్ కోర్నర్ కేసు ఇందుకు మంచి ఉదాహరణ. పన్ను తక్కువ కట్టామని గ్రహించినవాళ్లు పేర్లు చెప్పకుండా ఒక లాయరు ద్వారా పన్నుల శాఖకి 12 వేల డాలర్లకు పైగా చెక్కు పంపించారు. వాళ్లెవరో చెప్పమని శాఖ నిలదీసింది. చెప్పనక్కర్లేదని అప్పీలు కోర్టు లాయరు పక్షాన నిలబడింది. అయితే అది మినహాయింపు. మామూలుగా అమెరికా కోర్టులు కక్షిదారు పేరుని రహస్యంగా లెక్కించవు. 2018 ఏప్రిల్‌లో మైకేల్ కోహెన్ అనే లాయరు కేసులో న్యాయమూర్తి కింబా వుడ్ ఆయన మూడో కక్షిదారు పేరు కోర్టులోనే చెప్పించారు. ఆ పేరు టీవీ వ్యాఖ్యాత షాన్ హానిటీది. ఐరోపా న్యాయస్థానం మాత్రం 2022 డిసెంబరులో ఎదురు దిశలో నడిచింది. పన్ను పథకాల గురించి ఇతర మధ్యవర్తులకు తెలియజేయమని లాయర్లని బలవంతపెట్టడం తప్పంది; ఫలానా మనిషి ఫలానా లాయరుని సంప్రదించాడన్న సంగతి కూడా కాపాడదగ్గ రహస్యమేనంది.

మన దగ్గర 2025లో ఇది ముఖాముఖి పోరాటమైంది. సీనియర్ న్యాయవాదులు అరవింద్ దాతార్‌కీ, ప్రతాప్ వేణుగోపాల్‌కీ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) సమన్లు పంపింది. దేశమంతటా బార్ అసోసియేషన్లు లేచాయి, ఈడీ వెనక్కి తగ్గింది. సుప్రీంకోర్టు తనంతట తాను విచారణ చేపట్టి అక్టోబరు 31న తీర్పిచ్చింది. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్‌లోని మినహాయింపుల కిందికి వస్తే తప్ప, కేసు వివరాల కోసం లాయర్ని దర్యాప్తు అధికారి పిలవకూడదు. పిలవాలన్నా ఎస్పీ స్థాయికి తగ్గని పై అధికారి రాతపూర్వక సమ్మతి కావాలి. కంపెనీలో జీతానికి పనిచేసే ఇన్‌హౌస్ లాయర్లకు ఈ రక్షణ లేదు. మన కథకు ఆ చివరి ముక్క చాలా అవసరం. క్యాంపుకి వచ్చే ‘లీగల్ మనిషి’ ఎక్కువగా కంపెనీ ఉద్యోగే.

ఒమన్‌లో కూడా ప్రభుత్వం పేర్లు అడిగే చోటు ఒకటుంది. 30/2016 డిక్రీతో వచ్చిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం, ఆస్తుల కొనుగోళ్లు జరిపించే, కక్షిదారు డబ్బు చూసుకునే, కంపెనీలు పెట్టించే న్యాయవాదులు తమ కక్షిదారు ఎవరో, అతని వెనక అసలు యజమాని ఎవరో విచారించి రికార్డు ఉంచుకోవాలి. పనామా పత్రాలు 2016లో బయటపడ్డాక ఈ బాధ్యతను కాదనడం ఎవరికీ కష్టమే. ఆ పత్రాలు బయటికొచ్చిన మొస్సాక్ ఫోన్సెకా ఒక లా ఫర్మే కదా. వాదించడానికీ సలహాకీ వచ్చినవాడి రహస్యం కాపాడాలి. డబ్బు దాచడానికి వకీలు ఖాతాని అడ్డం పెట్టుకునేవాడికి ఆ గౌరవం అక్కర్లేదు. గీత అక్కడ గీయడం సబబని నా నమ్మకం.

ఈ గీత ఒమన్‌లోని తెలుగు చిన్న వ్యాపారులకూ తగులుతుంది. 50/2019 డిక్రీ తరవాత చాలా రంగాల్లో విదేశీయులు నూటికి నూరు శాతం వాటాతో కంపెనీ పెట్టుకునే వీలొచ్చింది. అయినా ఒమనీ పేరు మీద లైసెన్సు, వెనకనుంచి మనవాడి పెట్టుబడి అనే పాత పద్ధతి పూర్తిగా పోలేదు. ఇద్దరికీ కలిపి ఒకే ఆఫీసులో ఒకే మనిషి రహస్య ఒప్పందం రాసిపెడతాడు. ఆయన ఎవరి వకీలు? తగాదా వచ్చినరోజు ఇద్దరూ తమవాడేననుకుంటారు. బినామీ వ్యాపారం నేరమైన చోట ఆ కాగితం పట్టుకుని కోర్టుకి వెళ్లే ధైర్యం ఉండేదీ ఇద్దరిలో ఒకరికే.

  

ఈ పరిస్థితిని మార్చే పని మొదలుపెట్టాల్సిన చోట్లు చేతికి అందేంత దగ్గర్లోనే ఉన్నాయి. మస్కట్‌లోని భారత ఎంబసీ 2009 నుంచి ఉన్న సంక్షేమ నిధితో న్యాయ సాయం ఇప్పించగలదు. ఆ సాయం కింద వచ్చే వకీలు ‘నేను కార్మికుడి తరఫు, ఈ కంపెనీతో నాకు పాత సంబంధం లేదు’ అని రాసి సంతకం పెట్టాలని ఎంబసీ షరతు పెట్టొచ్చు. 2018 ఫిబ్రవరిలో మస్కట్‌లో సివిల్, వాణిజ్య వ్యవహారాల్లో న్యాయ సహకారం మీద రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. రాజీ పత్రాలకు కార్మికుడి భాషలో ప్రతి ఉండాలనీ, దాన్ని తయారుచేసినవాడి పేరూ ఎవరి తరఫో అందులో రాయాలనీ ఆ వేదిక మీద అడగవచ్చు. టామ్‌కామ్, ఓమ్‌క్యాప్, ఏపీఎన్‌ఆర్‌టీ లాంటి రెండు తెలుగు రాష్ట్రాల సంస్థలు వెళ్లేవాళ్లకు ఇచ్చే శిక్షణలో వకాలా నమూనా తెలుగు అనువాదంతో పెట్టవచ్చు. రాజీ పడే అధికారం, డబ్బు పుచ్చుకునే అధికారం ఉన్న రెండు పంక్తుల్ని కొట్టేయమని అడగవచ్చని, కొట్టేసినా కేసు నడుస్తుందని, వెళ్లకముందే అతనికి చూపించవచ్చు. చనిపోయినవారి కుటుంబాలు రాసే పవర్ విషయంలో అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఇప్పుడే కలగజేసుకోవచ్చు: పుచ్చుకునేవాడు కంపెనీ జీతగాడా అన్న ఒక్క ప్రశ్నకు రాతపూర్వక జవాబు వచ్చేదాకా ఆ ఇల్లాలు సంతకం పెట్టకుండా పక్కన ఒక పారాలీగల్ వాలంటీర్ని కూర్చోబెడితే చాలు.